ఏడు వేల అడుగుల ఎత్తున ఎసరు

కిందటి నెల మా కాలేజీ లెక్చరర్లం ఏడుగురం రెండు కార్లు మాట్లాడుకుని కొడైకెనాల్ వెళ్ళొచ్చాం. మేం దిగిన హోటల్ ముందు తెలుగులోనే బోర్డు పెట్టారు, ఆంధ్రా భోజనం లభించును అని. లోపల గోంగూర పచ్చడీ, కందిపొడీ, నెయ్యి గిన్నే అన్నీ సిద్ధం. తీరా మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటే అన్నం పంటి కింద పలుకుగా తగిలింది. మా వాళ్ళంతా మొహాలు ముడుచుకుని సర్వర్ని పిలిచి తగులుకున్నారు. నాకేమో నవ్వు ముంచుకొచ్చింది. ఒకసారి మొదలైతే ఓ పట్టాన ఆగని నవ్వు నాది, ఈ సంగతి నా క్లాసు పిల్లలకీ తెలుసు. "ఏంటండీ, మేం తిడుతుంటే మీరు నవ్వుతారేంటి?" అని మా కెమిస్ట్రీ మేడం కోప్పడింది కూడా. మా అత్తయ్య గుర్తొచ్చిందండీ అన్నాను. సర్వర్ వైపు తిరిగి, ఈ ఊళ్ళో నామాలు ఒక్కసారి చదివితే చాలదు నాయనా, రెండుసార్లు చదవమని మీ వంటాయనకి చెప్పు అన్నాను. అతను సరేనని తలూపి వెళ్ళాడు, నాకు పిచ్చనుకునే ఉంటాడు. ఆ కథ చెప్పాలంటే మళ్ళీ మా డెల్టాకి దిగి రావాలి.

అత్తయ్య అంటే మా నాన్నకి అక్క. పేరు సీతారావమ్మ. ఘంటసాలలో స్తూపానికి వెళ్ళే దారిలో రెండు గదుల పెంకుటిల్లు ఆవిడది. వేసవి సెలవులిస్తే చాలు, నేను గుడివాడలో బస్సెక్కి అక్కడ తేలేదాన్ని. తెల్లారగట్ల ఊక పొయ్యి వాసనకే మెలకువ వచ్చేది. మిల్లు నుంచి గోనెసంచుల్లో ఊక తెప్పించి, పొయ్యి మధ్యలో రోకలి నిలబెట్టి, చుట్టూ ఊక కూరి, రోకలి మెల్లిగా పైకి లాగేసి ఆ కంతలో నిప్పు రాజేసేది. ఘాటుగానూ తియ్యగానూ ఉండే ఆ పొగ నా పరికిణీలకి పట్టేసి, ఇంటికెళ్ళాక రెండు ఉతుకులకి గానీ పోయేది కాదు. ఎసట్లో బియ్యం పోశాక ఒక పొంగు రాగానే అత్తయ్య దేవుడి నామాలు అందుకునేది. మొత్తం నూటెనిమిది. చివరి నామానికి గిన్నె దించి, మూతికి గుడ్డ కట్టి, వంచి గంజి వార్చేది. ఇద్దరికి వండినా మూడొందల మందికి వండినా అదే లెక్క. కొత్త బియ్యమైతే నామాలు గబగబా సాగేవి, పాత బియ్యమైతే రాగం తీసి మరీ చదివేది. దేవుడికి ఆ తేడా తెలిసేదో లేదో గానీ అన్నం మాత్రం ఏనాడూ తప్పలేదు. మెతుకు గిల్లి చూసేవాళ్ళంటే అత్తయ్యకి మహా చిన్నచూపు. "కడుపుతో ఉన్నదాన్ని వేలు పెట్టి పొడిచి చూస్తామటే? దాని టైముకి అదే అవుతుంది" అనేది. ఉడికే అన్నం మీద మూత పెట్టినా ఊరుకునేది కాదు, ఊపిరాడక సస్తుందని.

మావయ్య పోయేనాటికి నేను బాగా చిన్నపిల్లని. వాళ్ళకి పిల్లల్లేరు. ఉన్న కాస్త పొలం కౌలుకిచ్చి, చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళిళ్ళకీ ఓణీల ఫంక్షన్లకీ వంటలు ఒప్పుకునేది అత్తయ్య. ముహూర్తాలున్న నెలల్లో తీరికుండేది కాదు, మూఢం వస్తే పనుండేది కాదు. మా నాన్నకి ఇది నచ్చేది కాదు. ఇల్లు అద్దెకిచ్చేసి మా ఇంటికి వచ్చెయ్యమని పోరేవాడు. "మీ ఇంట్లో మీ ఆవిడ పొయ్యి దగ్గర నేను చుట్టాన్నిరా. నా పొయ్యి నాకుండాలి" అనేది అత్తయ్య. ఇలా లాగుడు నడుస్తుండగా, గుడివాడ నుంచి యాత్రల బస్సు నడిపే కోటేశ్వరరావు గారి వంటమేస్త్రి సీజను ముందర బెజవాడ హోటల్లో చేరిపోయాడు. అత్తయ్య ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వెళ్ళి ఆయన ముందు నిలబడింది. "యాభై మందికి మూడు పూటలా, పన్నెండు రోజులు. ఆడమనిషివి, తట్టుకుంటావా అమ్మా?" అన్నారట ఆయన. "మీ తమ్ముడి పెళ్ళికి మూడొందల మందికి వండిన రోజున అడగలేదే ఈ మాట?" అందట ఈవిడ. ఈ ఒక్క ట్రిప్పూ చూస్తాను, బాగుంటే ఏడాది పొడుగునా నీకే అన్నారు ఆయన. విషయం తెలిసి నాన్న అగ్గిరాముడయ్యాడు. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. "కుదరకపోతే సామాను సర్దుకుని నీ గుమ్మంలో దిగుతాను. కుదిరిందా, ఇంక ఈ జన్మలో ఆ మాట ఎత్తకూడదు" అంది అత్తయ్య. ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న నన్ను తోడుగా పంపించారు. తోడంటే తోడే అనుకోండి, కానీ వచ్చాక అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాలని నాన్న నా చెవిలో వేశాడు.

ఆ ట్రిప్పులో కంచీ, మధురా, రామేశ్వరం అన్నీ అయ్యాక రెండు రోజులు కొడైకెనాల్. పుణ్యం సంపాదించుకున్న ఒంటికి కాస్త చల్లదనం అన్నమాట. మరి చలికి బట్టలేవి? రోహిణీకార్తెలో రోళ్ళు పగిలే ఊళ్ళు మావి. స్వెట్టర్ కొనడమంటే మాకు పడవ లేని గట్టున తెడ్డు కొనడమే. మా వీధి మొత్తానికి మూడు స్వెట్టర్లుండేవి. ఒకటి మిలటరీలో చేసొచ్చిన ఆయనది, ఒకటి పెళ్ళయి ఢిల్లీ వెళ్ళొచ్చిన ఆవిడది, మూడోది ఎవరిదో ఎవరికీ తెలియదు, అది అలా ఇల్లిల్లూ తిరుగుతుండేది. కాశీకి వెళ్ళినా ఊటీకి వెళ్ళినా అవే మూడూ ప్రయాణం కట్టేవి. మనుషుల కంటే వాటికే దేశం ఎక్కువ తెలుసు. ఆ మూడోది నా వంతుకి వచ్చింది. కలరా ఉండల వాసనా, ఎవరిదో అమృతాంజనం వాసనా, జేబులో రెండు యాలక్కాయలూ. అత్తయ్యకి మాత్రం మిలటరీ ఆయనది దొరికింది. ముతక చీర మీద ఆకుపచ్చ స్వెట్టర్, చేతులు మోచేతుల దాకా మడత, నెత్తిన తువ్వాలు. బస్సులో ఆడవాళ్ళంతా, సరిహద్దులో డ్యూటీకి వెళ్తున్నారా పిన్నిగారూ అని ఏడిపించారు.

బస్సులో మావాళ్ళు యాభై మందీ ఇంచుమించు ఒకే అచ్చు. బందరు నుంచి ఇద్దరు బట్టల వ్యాపారులు కుటుంబాలతో, పెడన నుంచి ఒక అద్దకం పని ఆయనా భార్యా, గుడివాడ చుట్టుపక్కల రైతులు, దివిసీమ నుంచి ఒక పదిమంది. దేవుడి దగ్గర తోసుకున్నా, కిటికీ సీట్ల కోసం అలిగినా, భోజనం దగ్గరికొచ్చేసరికి అందరిదీ ఒకటే మతం, అన్నం. అందులోనూ అవనిగడ్డ దగ్గర్నుంచి వచ్చిన వెంకటరత్నం తాతయ్య గారు పీఠాధిపతి లాంటివారు. డెబ్బై దాటినాయన, జీవితమంతా వరి పండించారు. అన్నం వడ్డించగానే ఒక్క మెతుకు తీసి ముందరి పళ్ళతో కొరికి, అది ఏ వడ్లో, ఎన్నేళ్ళ పాతదో చెప్పేవారు. మేం మోసుకెళ్ళిన పాత మసూరి బియ్యం మంచివని మొదటిరోజే ముద్ర వేశారు. కంచి రోడ్డు మీద చింతచెట్ల కింద, మధురలో సత్రం దొడ్లో, అత్తయ్య గ్యాస్ పొయ్యి పెట్టి గుండిగ ఎక్కించడం, నామాలు చదవడం, అన్నం మల్లెమొగ్గల్లా విచ్చుకోవడం. ఎనిమిది రోజులు ఎదురులేకుండా నడిచింది. కోటేశ్వరరావు గారు చేతులు వెనక్కి కట్టుకుని పొయ్యి చుట్టూ తిరుగుతూ, "పర్లేదే" అనేవారు. ఆయన నోట అంతకంటే పెద్ద మాట వచ్చినట్టు ఎవరూ వినలేదట.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం బస్సు ఘాట్ రోడ్డెక్కింది. మలుపు మలుపుకీ గాలి చల్లబడుతుంటే, మా బస్సులో జనం చిన్నపిల్లలైపోయారు. కొండంటే మంగళగిరి, బెజవాడ కొండలే తెలిసినవాళ్ళం, అవి మాకు మెట్లెక్కి దండం పెట్టి దిగొచ్చేవి. ఇక్కడేమో కొండ మీద ఏకంగా ఊరుంది. చర్చీలూ, రాతి గోడల బంగళాలూ, వాటి గేట్ల మీద ఇంగ్లీషు పేర్లూ, సందు సందుకీ నీలగిరి తైలం వాసనా. బేరిపళ్ళ బండ్లు, రొట్టెల కొట్లు, గుర్రాల మీద తిప్పేవాళ్ళు. మధ్యలో ఎన్నో చేతులు చాపుకుని పడుకున్నట్టున్న పెద్ద సరస్సు. మబ్బు కిందికి దిగొచ్చి వీధిలో నడుస్తుంటే పెడన ఆవిడ దణ్ణం పెట్టుకుంది. మాకు దొరికింది బజారు వెనక పాత లాడ్జి. దాని దొడ్లో రేకుల షెడ్డూ, ఒక కుళాయీ. అదే వంటకి చోటు. అందరూ ఊరు చూడ్డానికి పరుగెత్తారు, నేనూ వాళ్ళతోనే. అత్తయ్య గుండిగ కడుక్కుంటూ కూర్చుంది.

సాయంత్రం ఆరింటికల్లా వడ్డన. ఆ చలికి అందరూ అన్నం పొగల మీద చేతులు కాచుకున్నారు. వెంకటరత్నం తాతయ్య గారు అలవాటుగా మెతుకు కొరికి, కొరికిన మెతుకుని దీపం వైపు పెట్టి చూశారు. "అమ్మాయ్, అన్నం పలుకుంది" అన్నారు. అత్తయ్య నమ్మలేదు. తన జీవితంలో ఆ మాట తనతో ఎవరూ అనలేదు. వంగి ఆయన కంచంలోంచే నాలుగు మెతుకులు తీసుకుని నోట్లో వేసుకుంది. ఆవిడ దవడ కదలడం ఆగిపోవడం నేను చూశాను. పైకి బాగానే కనబడుతోంది గానీ మెతుకు మధ్యలో సూది మొనంత పిండి అలాగే ఉంది. ఇంక చూడండి, తలా ఒక మాట. ఈ ఊరి నీళ్ళు మంచివి కావన్నారు ఒకరు. కొండెక్కేసరికి గ్యాసు బలం తగ్గిపోయిందన్నారు బందరు వ్యాపారి. మధురలో పక్క బస్సువాళ్ళు మన గుండిగ వంక అదోలా చూశారు, దిష్టి తగిలిందని ఒకావిడ అప్పటికప్పుడు ఉప్పు తీయించింది. ఎక్కడో వెనక నుంచి, ఆడమనిషి చేతి వంట అంతే మరి అనే మాట కూడా వినబడింది. అన్న ఆవిడ కూడా ఆడమనిషే.

మర్నాడు పొద్దున ఉప్మాతో గడిచింది. మధ్యాహ్నానికి అత్తయ్య పట్టుదలగా దిగింది. కుళాయి నీళ్ళు మానేసి లాడ్జి వెనక ఊట నుంచి బిందెలతో తెప్పించింది. సిలిండర్ మార్చి రెండోది పెట్టింది. ఎసరు ఎక్కువ పెట్టింది. గుండిగకి పసుపు రాసి బొట్టు పెట్టింది. నామాలైతే ఎంత సాగదీసిందంటే, దేవుడికే ఆవలింత వచ్చుంటుంది. అన్నీ చేసి వార్చేసరికి అన్నం పైన మెత్తగా జావయింది, లోపల పలుకు పలుకుగానే ఉంది. తాతయ్య గారు రెండు ముద్దలు తిని పక్కకి పెట్టేశారు. ఆయన తిట్టి ఉంటే నయం. కోటేశ్వరరావు గారు అత్తయ్యని షెడ్డు పక్కకి పిలిచి, అందరికీ వినబడే మెల్లని గొంతుతో అన్నారు: "రాత్రికి ఇక్కడి హోటల్ వంటాయన్ని మాట్లాడతానమ్మా. నువ్వు కూరలు తరిగిపెట్టు చాలు. ఊరెళ్ళాక మిగతాది మాట్లాడుకుందాం." ఆ మిగతాది ఏమిటో అత్తయ్యకీ తెలుసు, నాకూ తెలుసు. "సాయంత్రం దాకా చూడండి బాబూ. ఇంకొక్క పూట" అంది అత్తయ్య. ఆవిడ ఎవర్నైనా బతిమాలడం నేను వినడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొచ్చినదాన్ని అక్కడే ఉండొద్దూ? అందరూ సరస్సుకి వెళ్తుంటే స్వెట్టర్ తగిలించుకుని నేనూ బయల్దేరాను. పదిహేడేళ్ళ వయసు అలాంటిది.

సరస్సు ఒడ్డున ఒక ముసలాయన వేరుశనక్కాయలు ఉడకబెట్టి అమ్ముతున్నాడు. తపేలా మీద మూత, మూత మీద నా తలకాయంత రాయి. ఎప్పటికవుతాయి అని సైగ చేసి అడిగితే, గంట పైనే అని వేళ్ళు చూపించి, కొండ వంకా ఆకాశం వంకా చెయ్యి తిప్పాడు, ఇక్కడ ఇంతే అన్నట్టు. నేను అక్కడే నిలబడిపోయాను. మార్చిలో నేను రాసొచ్చిన ఫిజిక్స్ పేపర్లో రెండు మార్కుల ప్రశ్న ఒకటుంది. కొండ ప్రాంతాలలో ఆహార పదార్థాలు ఆలస్యంగా ఉడుకుటకు కారణమేమి? ఎత్తుకు పోయినకొద్దీ గాలి ఒత్తిడి తగ్గును, కావున నీరు తక్కువ ఉష్ణోగ్రత వద్దనే మరుగును. రెండుకి రెండూ వచ్చుంటాయి. పుస్తకంలో ఉన్న కొండా నేను నిలబడ్డ కొండా ఒకటేనని మాత్రం నాకు తట్టలేదు. చదువంటే పరీక్ష హాల్లో దింపేసుకొచ్చే బరువనే అప్పటిదాకా అనుకున్నాను. శనక్కాయల మాటే మరిచిపోయి, ఎత్తు రోడ్డంతా రొప్పుతూ పరుగెత్తాను.

షెడ్డులో అత్తయ్య పక్కన ఒకావిడ కూర్చుని ఉంది. లాడ్జి చూసుకునే మనిషి, పేరు పాపమ్మాళ్. ఆవిడ పూర్వీకులు ఎప్పుడో మన వైపు నుంచి అరవదేశం వెళ్ళినవాళ్ళు, ఇంట్లో ఇప్పటికీ తెలుగేనట. ఆ తెలుగు మా అమ్మమ్మ ట్రంకుపెట్టెలో చీర లాగా, పాతదే గానీ చెక్కుచెదరలేదు. నేను ఊపిరి కూడా పీల్చుకోకుండా నా రెండు మార్కుల జవాబు అప్పజెప్పాను. అత్తయ్య విసుక్కుంది. "నీళ్ళు మరిగాయంటే మరిగినట్టేనే. మరిగిన నీళ్ళలో మళ్ళీ తక్కువేంటి, ఎక్కువేంటి? ఇదా మీకు చెప్పేది కాలేజీలో?" పాపమ్మాళ్ నవ్వింది. "అమ్మి చెప్పేది నిజమే అక్కా. చదువుకోని మా అవ్వ కూడా ఇదే చెప్పింది. ఈడ నీళ్ళకి తొందర ఎక్కువ. కాగకనే కాగినట్ట ఎగురుతుంటాది. మనుషుల్లో లేరా అట్లాంటోళ్ళు?" ఆ మాట అత్తయ్యకి ఎక్కింది. నా సైన్సు ఎక్కలేదు.

పాపమ్మాళ్ వాళ్ళ అవ్వ దొరల బంగళాలో వంటమనిషట. మధుర వైపు జ్వరాలకి తట్టుకోలేక అమెరికా పాదరీలు ఈ కొండెక్కి ఇళ్ళు కట్టుకున్నారనీ, రోడ్డు లేని రోజుల్లో దొరసానుల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి మనుషులే మోసుకొచ్చారనీ, ఆ మోసినవాళ్ళలో తన ముత్తాత ఉన్నాడనీ చెప్పింది. సరస్సు కూడా ఎవరో దొర వాగుకి కట్ట వేయించి నిలిపిందేనట. "మా ఊళ్ళో మాదంటూ ఉండేది చలీ, కురింజి పువ్వూ రెండే అక్కా. పన్నెండేళ్ళకొకతూరి కొండంతా నీలంగా పూస్తాది. మా అవ్వకి వయసు అడిగితే, ఐదు పూతలు చూసినా అనేది." ఆ అవ్వ బంగళాలో కొత్తగా చేరినప్పుడు చిక్కుళ్ళు ఉడక్క దొరసాని చేత చీవాట్లు తిందట. తర్వాత కొండవాళ్ళని అడిగి నేర్చుకుంది. ఈ ఊళ్ళో ఇన్ని రొట్టెల కొట్లెందుకో తెలుసా, అన్నం వండలేక దొరలు తప్పించుకున్న తోవ అది, అని మా అవ్వ అంటుండేదని పాపమ్మాళ్ చెప్పింది. చరిత్ర పుస్తకాలు ఒప్పుకుంటాయో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం ఆ ఊరి చరిత్ర అంతా ఆ షెడ్డులోనే, అల్లంవెల్లుల్లి దంచుతుంటే వినబడింది. "బియ్యం గంటసేపు నానబెట్టు అక్కా. గుండిగ మీద మూతెయ్యి, మూత మీద రాయి పెట్టు. నీ లెక్క వదిలెయ్. మెతుకు గిల్లి చూడు, అదే చెప్తాది."

అత్తయ్య నానబెట్టడం ఒప్పుకుంది. మూత పెట్టడానికి మనసొప్పలేదు, అయినా పెట్టింది. రాయి నేనే ఎత్తి పెట్టాను. పొంగు రాగానే నామాలు మొదలుపెట్టింది. నూటెనిమిది అయ్యాయి. చెయ్యి అలవాటుగా గుండిగ చెవుల మీదకి వెళ్ళి ఆగింది. మళ్ళీ మొదటి నామం నుంచి అందుకుంది. రెండో విడత సగంలో గొంతు ఆపేసి, మూత జరిపి, గరిటెతో నాలుగు మెతుకులు తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టుకుని కళ్ళు మూసుకుంది. యాభై ఏళ్ళు రాని మనిషే గానీ, ఆ క్షణాన కొత్తగా వంట నేర్చుకుంటున్న పెళ్ళికూతురిలా కనబడింది. గిల్లి చూసి, తల అడ్డంగా ఊపి, మూత పెట్టేసింది. నామాలు మళ్ళీ సాగాయి. రెండో నూటెనిమిదీ పూర్తయి ఇంకో పది నామాలు మీద పడ్డాక మళ్ళీ గిల్లి చూసి, "వార్చండే" అంది. ఆ గొంతు విని నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ సాయంత్రం వడ్డన దగ్గర అందరి చూపూ వెంకటరత్నం తాతయ్య గారి మీదే. ఆయన మెతుకు తీసుకున్నారు. కొరికారు. దీపం వైపు పెట్టి చూశారు. పప్పు కలుపుకుని, పులుసు పోయించుకుని, పెరుగు దాకా వచ్చి, ఖాళీ కంచం ముందుకి జరిపారు. "ఇంకో హస్తం అన్నం వెయ్యమ్మా." అంతే, షెడ్డంతా మాటలూ నవ్వులూ. కోటేశ్వరరావు గారు తను మాట్లాడొచ్చిన హోటల్ వంటాయనకి వద్దని చెప్పడానికి తనే పరుగెత్తారు. అత్తయ్య ఒక్క కంచం కలిపి పాపమ్మాళ్‌కి పట్టుకెళ్ళి, ఆవిడ తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుంది.

మర్నాడు కొండ దిగాక మైదానంలో ఒక మామిడితోట దగ్గర ఆపి వంట మొదలెట్టారు. కొండ మీద పాఠం అలవాటై, అత్తయ్య బియ్యం నానబెట్టి, మూత పెట్టి, రాయెత్తి, రెండుసార్లు నామాలు చదివి దించింది. చూస్తే అన్నం కాదది, గోడలకి పోస్టర్లు అంటించుకోవచ్చు. జనం బిత్తరపోయి చూస్తుంటే, అందరికంటే ముందు అత్తయ్యే పగలబడి నవ్వింది. "కొండ దిగాం గానీ బాబూ, నా చెయ్యి ఇంకా దిగలేదు" అంది. తాతయ్య గారు కూడా నవ్వి, ఆ ముద్దలో మజ్జిగ పోయించుకుని జావలాగా తాగేశారు. ఆ పూట ఎవరూ దిష్టి తీయించలేదు.

ఇప్పుడు ఆ ఘాటు మీద మన నంబర్ల కార్లు వరసకట్టి కనబడతాయి. ఎవరికి వాళ్ళు ఫోన్లో గది మాట్లాడుకుని, ఎవరికి కావలసింది వాళ్ళు తెప్పించుకుని తింటారు. కింద నుంచి గుండిగలు మోసుకెళ్ళేవాళ్ళు లేరు. హాయిగా ఉంది, కాదనను. నడుంనొప్పి మనిషిని, బస్సులో పన్నెండు రోజులంటే ఇప్పుడు నావల్ల కాదు. కానీ మొన్న మేం ఏడుగురం రెండు కార్లలో వెళ్ళి, ఒక కారులో ఏం మాట్లాడుకున్నారో రెండో కారులో వాళ్ళకి తెలియకుండా తిరిగొచ్చాం. హోటల్లో అన్నం బాగా లేకపోతే కంప్లైంటు రాసి, నూడిల్స్ చెప్పి, పది నిమిషాల్లో మరిచిపోయాం. ఆ రోజు యాభై మంది ఒకే గుండిగ చుట్టూ కూర్చుని తిట్టారు, అలిగారు, ఉప్పు తీయించారు, మళ్ళీ అదే గుండిగ లోంచి మారు వడ్డించుకున్నారు. నేను ఫిజిక్స్ లెక్చరర్నయింది ఆ కొండ మీదే అనుకుంటాను. ఏటా ఆ పాఠం వచ్చినప్పుడు పుస్తకం మూసేసి పాపమ్మాళ్ మాట చెప్తాను, ఈడ నీళ్ళకి తొందర ఎక్కువని. పిల్లలు అది మర్చిపోరు. అత్తయ్య ఆ తర్వాత పదమూడేళ్ళు ఆ బస్సుకి వంట చేసింది. ఘంటసాల ఇల్లు వదల్లేదు. ఎనభై దగ్గరపడ్డా ఈ పొద్దుటికీ తన పొయ్యి తనదే.

ఇంతకీ ఆ మొదటి ట్రిప్పు అయ్యి గుడివాడలో బస్సు దిగేసరికి నాన్న రిక్షా మాట్లాడుకుని సిద్ధంగా ఉన్నాడు, అక్క సామాను మా ఇంటికి వేయించడానికి. కోటేశ్వరరావు గారు నాన్న ముందే అత్తయ్యని పిలిచి, "దసరాకి ఇంకో ట్రిప్పు వేస్తున్నానండీ సీతారావమ్మ గారూ. మీరు వస్తానంటేనే టికెట్లు మొదలెడతాను" అన్నారు. నాన్న మొహం చూడాల్సిందే. అత్తయ్య గెలిచినట్టు ఏం మాట్లాడలేదు. కొంగు సర్దుకుని, "వస్తాను గానీ ఒక్క మాట బాబూ. ఆ కొండ మీద సరస్సు ఏదో ఉందటగా. బస్సులో దారంతా అందరూ దాని గురించే చెప్పుకుంటున్నారు. నేను చూడలేదు" అంది.

నాకు ఒక్కసారిగా తల కొట్టేసినట్టయింది. ఆ రెండు రోజుల్లో నేను సరస్సు చుట్టూ రెండుసార్లు తిరిగాను, గుర్రమెక్కాను, పడవెక్కాను, లోయ అంచున నిలబడి కేకలు పెట్టాను. ఆ ఊరికి అంత దూరం వెళ్ళి, అత్తయ్య చూసింది ఒక రేకుల షెడ్డూ, ఒక కుళాయీ. ఆవిడ మాతో రాలేదన్న సంగతి యాభై మందిలో ఒక్కరికీ, తోడుగా వెళ్ళిన నాక్కూడా తట్టలేదు. కోటేశ్వరరావు గారు తల దించుకుని, "తప్పకుండానండీ" అన్నారు.

దసరా ట్రిప్పుకి నేనూ వెళ్ళాను. వెంకటరత్నం తాతయ్య గారు ఈసారి భార్యని కూడా తీసుకొచ్చారు. కొండ మీద రెండోరోజు పొద్దున ఫలహారాలు కాగానే అత్తయ్య గరిటె కడిగి బోర్లించి, మిలటరీ స్వెట్టర్ మీద కొంగు కప్పుకుని, పాపమ్మాళ్ చెయ్యి పట్టుకుని బయల్దేరింది. నలభై ఏళ్ళుగా ఆ ఊళ్ళోనే ఉంటున్న పాపమ్మాళ్ కూడా పడవెక్కడం అదే మొదటిసారట. నేను వాళ్ళిద్దరికీ ఎదురుగా కూర్చున్నాను. మబ్బు నీళ్ళ మీదే పాకుతోంది. కాసేపటికి బంగళాలు కనబడటం మానేశాయి, నీళ్ళ చప్పుడొక్కటే. అత్తయ్య చెయ్యి నీళ్ళలో పెట్టి, చలికి తీసేసి, మళ్ళీ పెట్టింది. ఒక చుట్టు అయ్యాక పడవతను ఒడ్డుకి తిప్పబోతే, "ఇంకొకటి తిప్పు నాయనా" అంది. అలా ఎన్ని తిప్పించిందో నేను లెక్కపెట్టలేదు. తిరిగొచ్చేసరికి రెండు దాటింది. లాడ్జి వసారాలో యాభై మందీ కంచాలు ముందు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. అత్తయ్య తొందరపడకుండా బియ్యం కడిగి నానబోసింది. భోజనాలు పూర్తయ్యేసరికి చీకటి పడుతోంది. మా వాళ్ళు అన్నం ఆలస్యమైతే దేవుణ్ణి కూడా క్షమించని మనుషులు. ఆ రోజు మాత్రం ఒక్కరు కూడా, ఇంకా ఎంతసేపని అడగలేదు.